గొళ్ళానికి పెట్టిన నల్లకత్తి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా అత్తగారు బంగారమ్మ గారు. ఆవిడ అత్త అయ్యుండి కూడా, కథలో అత్త చేసిన తప్పు పిసరంత దాచకుండా చెప్పింది. అందుకే ఆవిడ చెప్పినట్టే చెబుతాను. ఒక మాట కలపను, ఒక మాట తియ్యను. మా తోటికోడలు ముత్యాలు ఇదే కథ ఇంకోలా చెబుతుంది. అది కథ కాదు, అబద్ధం. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఇందాక ఏం జరిగిందో చూశారా? ఈ సుభద్ర మామిడికాయ కోసిన చాకు పట్టుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టింది. చేతిలోంచి చేతిలోకి! నా గుండె గుభేలుమంది. కింద పెట్టవే అని నేనరిచిన అరుపుకి, ఇంట్లోకి పాము దూరిందనుకుని మీ అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. కత్తి ఎప్పుడూ చేతికివ్వకూడదమ్మా. కింద పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరి మధ్యా పగ పుడుతుంది. ఎందుకు పుడుతుంది అమ్మమ్మా అని అడిగాడుగా మన నూకరాజు గారు. ఆయన గారికి జవాబు ఈ కథలో ఉంది. దుప్పటి లాక్కోకండి. ఊ కొట్టండి. మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగా అనగా, అడవి అంచునే కోట కట్టుకున్న ఒక రాజు. పేరు దండిరాజు. పేరుకి తగ్గట్టే అన్నీ దండిగా ఉండాలాయనకి. మీసం దండి, మంచం దండి, మాట దండి. ఆయన భార్య సువర్ణాంబ. ఆవిడకి దండిగా లేకపోయినా ఫరవాలేదు, మెరవాలి. గిన్నె మెరవాలి, గడప మెరవాలి, గాడిద మెడలో గంట కూడా మెరవాలి. వీళ్ళిద్దరికీ ఒక్కడే కొడుకు, చినదండి. ఆ పిల్లాడు దండీ కాదు, మెరుపూ కాదు. మంచివాడు, అంతే. పెళ్ళిచేశారు. కోడలు పైడమ్మ. కొండ కింద ఆవుల మందలున్న దొర కూతురు. మందల వెనకాల నడిచి పెరిగిన పిల్ల. నడుస్తూ తింటుంది, నడుస్తూ ఆలోచిస్తుంది. అత్తగారికి ఆ రెండూ గిట్టవు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజుగారి కొడుక్కి పట్టం కట్టాలంటే, ముందు వాడొక్కడే పొద్దు పొడవగానే అడవిలోకెళ్ళి, పొద్దుగూకేలోపు తిరిగి రావాలి. విల్లు పట్టకూడదు, బల్లెం పట్టకూడదు. మొలలో ఒకే ఒక్క కత్తి. ఆ కత్తి ఏదో తేల్చాల్సింది ఎవరనుకున్నారు? రాజు కాదు, మంత్రి కాదు. కొత్త కోడలు! వాడు తిరిగొస్తే కోడలు రాణి. కత్తి మోసం చేసిందా, తప్పు కోడలిది. ఆ పిల్లని కట్టుబట్టలతో అడవి గట్టున వదిలేసి కోట తలుపులు మూసేస్తారు. విన్నారా? మొగుడి ప్రాణం, తన బతుకు, రెండూ ఒక్క కత్తి మీద! వినగానే పైడమ్మ తాళి తడిమి చూసుకుంది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది పాపం.

రాజు తన కత్తి తెచ్చి సభలో కింద పెట్టాడు. మూరెడు కత్తి. ఎత్తితే భుజం పడిపోతుంది. దీంతో పులిని రెండు ముక్కలు చెయ్యొచ్చు, ఇదే తియ్యమన్నాడు. రాణి తన పుట్టింటి బాకు తెచ్చి కింద పెట్టింది. బంగారు పిడి, రెండు పక్కలా పదును, ఎర్ర మఖ్మల్ ఒర. పెళ్ళిలో నిమ్మకాయ గుచ్చి పెళ్ళికొడుకు పట్టుకున్నాడే, ఆ బాకే. మా పుట్టింటి మగాళ్ళంతా దీన్ని మొలలో దోపుకునే సభకెళ్ళారు, ఇదే తియ్యమంది. సభకెళ్ళారే గానీ అడవికెళ్ళారని ఆవిడా అనలేదు. ఊ కొడుతున్నారా? ఆఁ.

పైడమ్మ రెండిటినీ చూసింది. అత్తయ్యా, మామయ్యా, కోప్పడకండి, పరీక్ష చేసి తీసుకుంటానంది. మొగుణ్ణి పిలిచింది. రాజుగారి మూరెడు కత్తి మొలకి కట్టి, మఠం వేసుకుని కూచోండి, అన్నం తిన్నట్టు వంగండి అంది. వాడు కూచున్నాడు. కత్తి కొస నేలకి తగిలింది, పిడి వెళ్ళి చంకలో పొడిచింది. వాడు కెవ్వుమన్నాడు. అడవిలో రోజంతా నిలబడే ఉంటారా, కూచోరా, వంగరా, నీళ్ళు తాగరా అంది పైడమ్మ. రాజు మీసం కొద్దిగా కిందకి వాలింది.

తరవాత రాణి బాకు. పైడమ్మ చేతికి ఆముదం రాసుకుని పిడి పట్టుకుంది. బంగారం నున్నగా ఉంటుందిగా, పిడి గుప్పెట్లో గిర్రున తిరిగిపోయింది. చెమట చేతికి ఇది ఆగదండీ అంది. రాణి మొహం మాడిపోయింది. అప్పుడా పిల్ల బాకుని ఒరలో పెట్టి, ఒర పళంగా తలకిందులు చేసింది. అంతే! సర్రున జారి, గాల్లో పల్టీ కొట్టి, రాజుగారి బొటనవేలి పక్కన నేలలో దిగబడింది. సభ సభంతా లేచి నిలబడింది. రాజు కాళ్ళు రెండూ సింహాసనం మీదకి లాక్కున్నాడు.

రాజుకి కోపమొచ్చింది. తలకిందులు చెయ్యడమేమిటి, నా కొడుకేమన్నా గబ్బిలమా చెట్టుకి వేలాడ్డానికి, అన్నాడు. సభంతా ఘొల్లున నవ్వింది. రాణి అందరికంటే గట్టిగా నవ్వింది. ఈ గబ్బిలం మాట గుర్తుపెట్టుకోండి. నిద్రపోయారా? గుర్తుపెట్టుకోండి.

పైడమ్మ నవ్వలేదు, ఏడవలేదు. ఆయుధశాలకెళ్ళింది. లోపల గోడ నిండా కత్తులు. ఒంకర కత్తులు, చిలకముక్కు కత్తులు, జంట కత్తులు. ఒక్కొక్కటీ తీసి, తలకిందులు చెయ్యడం, జిడ్డు చేత్తో పట్టుకోవడం, మఠం వేసుకుని కూచోవడం. ఒకటి జారింది, ఒకటి తిరిగింది, ఒకటి గుచ్చింది. ఏదీ నచ్చక ఉసూరుమంటూ బయటికొస్తే, కాపలావాడు తలుపు లాగి గొళ్ళెం వేశాడు. అప్పుడు చూసింది. తలుపు గొళ్ళానికి గడియపుల్లకి బదులు అడ్డంగా దోపిన ఒక నల్లకత్తి! కొత్తవి లోపల దాచి, పాతది బయట గొళ్ళానికి పెట్టారు. ఎన్ని వానలు తడిసిందో, ఎన్ని ఎండలు ఎండిందో, ఎంతమంది తలుపు లాగి గుంజారో. వంగలేదు, ఊగలేదు.

తీసి చూసింది. జానెడు కంటే తక్కువ, బెత్తెడు కంటే ఎక్కువ. ఒక పక్కే పదును, రెండో పక్క వెన్ను బొటనవేలు ఆనించుకునేంత మందం. బాకులకి పిడి లోపల ఇనుము బొటనవేలంతే ఉంటుంది, మిగతాదంతా లక్క పోసి అతికిస్తారు. దీనికట్లా కాదు. ఇనుము పిడి చివరిదాకా ఒకటే ముక్క. రెండు పక్కలా దున్నపోతు కొమ్ము చెక్కలు పెట్టి మేకులు దిగ్గొట్టారు. ఆముదం చేత్తో పట్టింది. గరుకు కొమ్ము, తిరగలేదు. ఏటిరాయి మీద కాస్త నూరింది, పదును వచ్చేసింది. ఒర లేదు. పచ్చితోలు నీళ్ళలో నానబెట్టి, కత్తి చుట్టూ బిగించి కుట్టి, ఎండలో పెట్టింది. తోలు ఎండి కత్తిని కరుచుకుంది. తలకిందులు చేసి విదిలించింది. ఊహూఁ! లాగితేనే టక్కున వచ్చింది.

ఇదీ నా కత్తి అని సభలో పెట్టింది. అమ్మో అమ్మో, ఆ సభ మొహాలు చూడాలి! మంత్రి దగ్గబోయి పొలమారాడు. రాణి బుగ్గన వేలేసుకుంది. గడియపుల్లా? నా కొడుకు మొలలో గడియపుల్లా? అడవిలో కోతులు కూడా నవ్వుతాయే అంది. పైడమ్మ నెమ్మదిగానే చెప్పింది.

తలకిందులు చేస్తే జారకూడదు,
తడిచేత్తో పడితే తిరక్కూడదు,
మఠం వేస్తే గుచ్చకూడదు,
ఇవి మూడూ ఉంటే చాలు, మెరవకపోయినా ఫరవాలేదు అత్తయ్యా అంది.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మా అత్తగారు కూడా ఇక్కడికొచ్చేసరికి ఆగి, ఆ మాటొక్కటీ అనకుండా ఉండాల్సిందే అనేది. సువర్ణాంబకి అది సూదిలా దిగింది.

ఆ రోజు రానే వచ్చింది. కత్తి చేతికివ్వకూడదుగా? అందుకని వాళ్ళ ఆచారం ఏమిటంటే, కోడలు కత్తిని పసుపు గుడ్డలో చుట్టి, గడప అవతల పోసిన వడ్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి నిలబడాలి. మొగుడు వచ్చి తీసుకునేదాకా తిరిగి చూడకూడదు. వాడు కూడా అడవి గట్టు దాటేదాకా గుడ్డ విప్పకూడదు. పైడమ్మ పెట్టింది. తిరిగింది. కళ్ళు మూసుకుంది. డోళ్ళు మోగుతున్నాయి. వాడు దణ్ణం పెట్టుకుని వంగాడు, తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. అందరూ అక్షింతలు చల్లారు. పైడమ్మ తిరిగి చూసేసరికి వడ్ల మీద కత్తి అచ్చు మాత్రమే ఉంది.

హమ్మయ్య అనుకుని లోపలికి వెళుతోంది. దారిలో ఆయుధశాల. వెళుతూ వెళుతూ అటు చూసింది. చూసి నిలబడిపోయింది.

ఏం చూసిందో చెప్పండి! చెప్పరేం? గొళ్ళానికి అడ్డంగా నల్లకత్తి!

అదే కత్తి. అదే కొమ్ము పిడి. తను కుట్టిన తోలు ఒర పక్కన కింద పడుంది. అయితే పసుపు గుడ్డలో వెళ్ళిందేమిటి? ఓరి నాయనో! అది చెబుతుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది, చూడండి, ఈ చెయ్యి ముట్టుకోండి.

పరిగెత్తి అత్తగారి దగ్గరికెళ్ళింది. అత్తయ్యా, గుడ్డలో ఏం పెట్టారు? రాణి తమలపాకుకి సున్నం రాస్తూ, తలెత్తకుండా చెప్పింది. ఏం పెడతాను, మా పుట్టింటి బాకు పెట్టాను. నువ్వు వెనక్కి తిరిగావు, నేను వడ్లు సర్దినట్టు వంగి, కొంగు చాటున గుడ్డకి గుడ్డ మార్చాను. మీ మందల దగ్గర గడియపుల్లలు మొలకి కట్టుకుంటారేమో, మా ఇంట్లో గొళ్ళానికే పెడతాం. ఎక్కడుండాల్సింది అక్కడ పెట్టేశానంది.

పైడమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. గొళ్ళెంలోంచి కత్తి లాగింది, ఒరలో పెట్టింది, కొంగు బిగించింది, పరుగు. ఆగవే, పొద్దుగూకేదాకా అడవిలో ఎవరూ అడుగు పెట్టకూడదే, ఆచారమే, పరువు పోతుందే అంటూ వెనకాల రాణి పరుగు. కోట వాకిట్లో భటులు అడ్డం నిలబడ్డారు. ముందు కోడలు, చేతిలో కత్తి. వెనక అత్తగారు, చేతిలో తమలపాకు. ఎవర్ని ఆపాలో తెలీక ఇద్దర్నీ వదిలేశారు. కోడల్ని వెనక్కి లాక్కురావాలని అత్త, మొగుణ్ణి వెనక్కి తెచ్చుకోవాలని కోడలు. ఇద్దరూ అట్లా అడవిలో పడ్డారు. వాగు దాటారు, దిబ్బ ఎక్కారు, ముళ్ళపొద చుట్టి వెళ్ళారు. రాణి గాజు ఒకటి పోయింది, చెప్పు ఒకటి పోయింది, కొప్పు ఊడిపోయింది. జీవితంలో మొదటిసారి ఆవిడలో ఏదీ మెరవడం లేదు.

జాడ దొరక్క అక్కడక్కడే రోజంతా తిరిగారు. పొద్దు వాలుతోంది. అప్పుడు వినపడింది. అమ్మా, అని. పైనుంచి! నేల మీంచి కాదు, పైనుంచి!

తలెత్తి చూశారు. సువర్ణాంబ చేతిలో తమలపాకు రాలిపోయింది. ఇప్పచెట్టు పక్కన ఎవరో అడవిపందికని లావు వెదురు బొంగుని వంచి ఉచ్చు కట్టారు. వాడు చూసుకోకుండా కాలు పెట్టాడు. వెదురు ఎగిరింది. కాలి మడమకి ఉచ్చు బిగిసింది. రాజుగారి ఒక్కగానొక్క కొడుకు, పట్టం కట్టాల్సినవాడు, తలకిందులుగా వేలాడుతున్నాడు. అచ్చం...?

ఆఁ! గబ్బిలంలా! గుర్తుందే నీకు. మంచి పిల్లవి.

మరి బాకు ఏమైంది? వాడు తలకిందులవ్వగానే మఖ్మల్ ఒరలోంచి సర్రున జారింది. రాయి మీద పడింది. లక్క పగిలి పిడి ఒకచోట, ఇనుము ఒకచోట. బంగారం లోపల ఉన్నదంతా లక్కే! పొద్దున్నించీ వేలాడి వాడి మొహం కందగడ్డలా ఉబ్బింది. ఇంకోటి చెప్పనా? చెప్పమంటారా, భయపడతారా? ఇప్పపువ్వు రాలే చెట్టు కిందకి సాయంత్రం పూట ఎవరొస్తారు? ఎలుగుబంటి! పొద మీద పొద విరుచుకుంటూ, గుర్రు గుర్రుమంటూ వస్తోంది.

పైడమ్మ ఎగిరింది. మడమ దగ్గరి తాడు అందలేదు. చెట్టెక్కే వ్యవధి లేదు. తాడు కొయ్యాలంటే వాడే పైకి వంగి కొయ్యాలి. కొయ్యాలంటే కత్తి వాడి చేతిలో ఉండాలి. వాడి చేతివేళ్ళు నేలకి అందవు. కింద పెడితే తీసుకోలేడు. చేతికే ఇవ్వాలి. పైడమ్మ కత్తి దూసి చెయ్యి చాపింది.

వెనకనించి రాణి కేక. ఎలుగుబంటి కంటే గట్టిగా. "వద్దే! చేతికివ్వకే! మీ ఇద్దరికీ పగ పుడుతుందే! కాపురం కూలిపోతుందే!"

చూశారా? కొడుకు వేలాడుతున్నాడు, ఎలుగు వస్తోంది, ఆవిడకి ఆ మాట గుర్తొచ్చింది. నేనైనా అట్లాగే అరిచేదాన్నేమో, ఇందాక మామిడికాయ చాక్కి అరవలేదూ? మనకి ఉగ్గుపాలతో పోశారు అది.

పైడమ్మ వెనక్కి తిరక్కుండా అంది. "పగ పట్టాలన్నా మనిషి బతికుండాలి కదా అత్తయ్యా!"

అని కత్తి మొగుడి చేతిలో పెట్టింది. చేతిలోంచి చేతిలోకి!

రాణి చెవులు మూసుకుంది, పిడుగు పడుతుందని. పడలేదు. వాడి చెయ్యి నిండా చెమట, గీరుకుపోయి కారిన నెత్తురు. కొమ్ము పిడి గుప్పెట్లో నిలిచింది, తిరగలేదు. పళ్ళు బిగించి పైకి వంగాడు. కత్తి వెన్ను మీద బొటనవేలు ఆనించి ఒక్క లాగు లాగాడు. తాడు పటుక్కుమంది. వాడు ధబ్బున వచ్చి ఎవరి మీద పడ్డాడు? వాళ్ళమ్మ మీద! బరువు పోయిందిగా, వంగిన వెదురు పైకి లేచి ఫెడీల్‌మని పక్క చెట్టుకి కొట్టుకుంది. ఆ చప్పుడికి ఎలుగుబంటి అదిరిపడి, నోట్లో పువ్వు నోట్లోనే పెట్టుకుని వచ్చిన దారినే పారిపోయింది. పులీ రాలేదు, యుద్ధమూ జరగలేదు. కత్తి కోసింది ఒక్క తాడు.

ముగ్గురూ కుంటుకుంటూ కోట వాకిలికి వచ్చేసరికి పొద్దు గూకబోతోంది. దండిరాజు, మంత్రి, ఊరు ఊరంతా అక్కడే. మంత్రి వాడి మొలలో ఖాళీ మఖ్మల్ ఒర చూశాడు. రాణి చేతిలో విరిగిన బంగారు పిడి చూశాడు. చూసి, కోడలు మాటొకటి చెప్పి కత్తి ఒకటి పెట్టింది, ఆచారం కూడా దాటి అడవిలో అడుగు పెట్టింది, తప్పు కోడలిది అన్నాడు. తలుపులు ముయ్యమన్నాడు. ఊరంతా పైడమ్మ వైపు చూసింది. ఆ పిల్ల నోరు విప్పలేదు. అత్త పేరు చెప్పలేదు. చినదండికి ఏ కత్తి ఎట్లా వచ్చిందో తెలీదాయె. గుడ్డ విప్పి బాకు చూసి, అమ్మ ముచ్చట తీర్చడానికి భార్యే మార్చిందనుకున్నాడు పిచ్చివాడు. తలుపు ఒక రెక్క మూశారు. రెండో రెక్క కిర్రుమంటోంది.

అప్పుడు సువర్ణాంబ, కొప్పు ఊడి, ఒంటి చెప్పుతో, ఆ మూసే రెక్కకి అడ్డం నిలబడింది. వినండి, ఇదే అసలు ముక్క. ఆవిడ అంది. "ఆగండి. ఆ బాకు పెట్టింది నేను. కోడలు ఎంచింది నల్లకత్తి. నేను మార్చాను. నా మెరుపు కోసం నా కొడుకుని చంపబోయాను. బయటికి తోయాలంటే నన్ను తోయండి."

రాజు నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాడు, మీసం నోట్లోకి వెళ్ళినా తెలీలేదు. మహారాణి, ఊరందరి ముందూ, తప్పు నాదని! అంతకుముందు ఆ కోటలో ఎవరూ అనని మాట.

ఎవర్నీ తోయలేదు. చినదండికి పట్టం కట్టారు, నల్లకత్తి మొలలో పెట్టుకునే కట్టించుకున్నాడు. మఠం వేసుకుని కూచున్నా గుచ్చలేదు. బంగారు పిడిని ఏం చేశారంటారా? గొళ్ళానికి అడ్డం పెట్టారు. రాణిగారే పెట్టించింది. తలుపు దగ్గర మెరుస్తూ ఉంటుందని.

మరి పగ? చేతికిచ్చిందిగా, పగ పుట్టాలిగా? ఆ దోషం పోవడానికి పైడమ్మే ఉపాయం చెప్పింది. ఏడాదికి ఒకరోజు, ఇప్పపువ్వు రాలే కాలంలో, మొగుడూ పెళ్ళాం కావాలని పోట్లాడుకునేవాళ్ళట. పులుసులో ఉప్పు లేదని వాడు, నీ నాలిక్కి రుచి లేదని ఈవిడ. కోటంతా వచ్చి చూసేది. సువర్ణాంబ మాత్రం ఎప్పుడూ కోడలి పక్కే. సాయంత్రానికి పగ తీరిపోయేది, కలిసి అన్నం తినేవాళ్ళు. అందరూ చల్లగా ఉన్నారు.

కాబట్టి అమ్మడూ, కింద నేల ఉన్నంతసేపూ కత్తి కింద పెట్టే ఇయ్యి. కింద నేల అందనివాడికి మాత్రం చేతికే ఇయ్యి. రేపు పొద్దున్నే మీరిద్దరూ ఉప్పు గురించి కాస్త పోట్లాడుకోండి, ఇవాళ్టి దోషం పోతుంది. కథ తన గొళ్ళెం తను వేసుకుంది, మీరు కళ్ళ తలుపులు వేసుకోండి.

ఆఁ, ముత్యాలు సంగతి. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో, పందిట్లో, నా ఎదురుగానే చెప్పింది. కోడలే బంగారు కత్తి ఎంచిందట, తలుపులు ముయ్యబోతే అత్తగారు జాలిపడి క్షమించిందట! క్షమించిందట! నేనక్కడే లేచి వచ్చేశాను, మిఠాయి కూడా ముట్టలేదు. అప్పట్నించీ దాని గడప తొక్కలేదు, తొక్కను. దాని మనవలంతా ఇప్పుడు అదే నిజమనుకుంటున్నారు. నాకు రాయడం సరిగ్గా రాదు, సంతకం వరకే వచ్చు. సుభద్రా, నువ్వు బడికెళతావుగా. ఎప్పుడైనా ఆ పిల్లలు కనపడితే, ఎవరున్నా సరే, గట్టిగా చెప్పు. కత్తి ఎంచింది పైడమ్మ, మార్చింది సువర్ణాంబ, ఒప్పుకున్నదీ సువర్ణాంబే అని. మా అత్తగారు ఇట్లాగే చెప్పిందని చెప్పు. చెబుతావా? నిద్రపోయావా? ఒరే నూకరాజూ, నువ్వైనా చెప్పరా.